ఓట్లు లెక్కపెట్టని సభ

క్వేకర్ అనగానే మనవాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది ఓట్స్ డబ్బా, దాని మీద టోపీ పెట్టుకుని చిరునవ్వు నవ్వే పెద్దమనిషి బొమ్మ. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లో క్రైస్తవం నుంచి పుట్టిన ఆ మతసమాజానికీ ఆ వ్యాపారానికీ సంబంధం లేదని, నిజాయితీకి పేరుపడ్డవారి పేరును ఎవరో 1877లో వ్యాపారచిహ్నంగా నమోదు చేసుకున్నారని వివరించడంతోనే ఈ విషయమై నా సంభాషణలు చాలావరకు మొదలవుతాయి. ఆ వెంటనే మౌనం గురించి అడుగుతారు. గంటసేపు ఎవరూ ఏమీ మాట్లాడకుండా కూర్చుంటారట, నిజమేనా అని. నిజమే. అయితే తొంభైల్లో ఉద్యోగరీత్యా ఉత్తర ఇంగ్లండ్‌లో గడిపిన సంవత్సరాలను ఇప్పుడు తలచుకుంటే, ఆదివారపు మౌనం కన్నా నెలకొకసారి జరిగే వ్యవహార సమావేశమే నాకు ఎక్కువగా గుర్తుకు వస్తోంది. దాని గురించి చెప్పాలన్నా ముందు ఆ మౌనం గురించి చెప్పక తప్పదు.

నేను అద్దెకు దిగిన గది ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద ఉండేది. ఆవిడ క్వేకర్ కుటుంబంలో పుట్టి పెరిగినవారు. భర్త పోయాక పై గదులను దూరదేశాల నుంచి వచ్చినవారికి తక్కువ అద్దెకు ఇచ్చేవారు. నేను చేరిన రోజే తనను పేరు పెట్టి పిలవమన్నారు. ఎనభైకి దగ్గరపడిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు. పేరుతో అవసరం పడకుండా వాక్యాలు కూర్చుకుంటూ ఎలాగో నెట్టుకొచ్చాను. అది ఆవిడ ఇచ్చిన చనువు కాదని, వారి సమాజపు పద్ధతే అదని తరువాత తెలిసింది. అక్కడ వైద్యుడైనా, ఆచార్యుడైనా, కాలేజీ కుర్రవాడైనా ఉత్త పేరుతోనే పిలుపు. దేవుని వెలుగు ప్రతి మనిషిలోనూ ఉన్నప్పుడు ఒకరికి ఎక్కువ, మరొకరికి తక్కువ మర్యాద ఎలా కుదురుతుందని పదిహేడో శతాబ్దంలో వారు అడిగారు, ఆ ప్రశ్న అడిగినందుకు జైళ్లకు కూడా వెళ్లారు. తరువాత అమెరికాలో పెన్సిల్వేనియాను స్థాపించిన క్వేకర్ విలియం పెన్‌ను 1670లో లండన్‌లో విచారించినప్పుడు, న్యాయస్థానంలో టోపీ తీయనందుకే ఆయనకు జరిమానా వేశారు.

ఆ ఇంట్లో మతాన్ని పట్టి ఇచ్చే వస్తువు ఒక్కటీ కనిపించేది కాదు. శిలువ లేదు, పటం లేదు, గోడ మీద వేదవాక్యం లేదు. భోజనానికి ముందు ప్రార్థన పైకి చదివేవారు కాదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లం చేతులు పట్టుకుని కొన్ని క్షణాలు ఊరుకునేవాళ్లం, ఆ తరువాత వడ్డన మొదలయ్యేది. ఏదో మంచిపనికి నిధుల కోసం బడిపిల్లలు లాటరీ చీటీలు అమ్మడానికి గుమ్మంలోకి వస్తే, ఆవిడ డబ్బు ఇచ్చి చీటీ మాత్రం వెనక్కి ఇచ్చేసేవారు. ఎంత మంచి ప్రయోజనానికైనా జూదం జూదమేనని, ఇతరులు పోగొట్టుకున్నది మనకు లాభంగా రావడం సరికాదని వారి పట్టింపు. పిల్లలు ఆ చీటీ పట్టుకుని ఏం చేయాలో తోచక కాసేపు నిలబడి వెళ్లిపోయేవారు. ప్రతి రోజూ దేవుడి రోజే కాబట్టి క్రిస్మస్‌కు ప్రత్యేకత లేదని ఆవిడ తాతగారు ఆ రోజు కూడా దుకాణం తెరిచేవారట. ఆ మాట నాకు చెబుతూనే ఆవిడ క్రిస్మస్ కేకుకు ఎండుద్రాక్ష నానబెడుతున్నారు.

మీటింగ్ హౌస్ బయటి నుంచి చూస్తే ప్రార్థనా స్థలమని ఎవరూ అనుకోరు. లోపల తెల్లటి గోడలు, ఎత్తైన కిటికీలు, నాలుగు పక్కలా ఎదురెదురుగా వేసిన చెక్క బెంచీలు, మధ్యలో చిన్న బల్ల, దాని మీద పూలు, ఒక బైబిల్, ఎర్ర అట్టతో ఒక చిన్న పుస్తకం. ఆ పుస్తకంలో ఉన్నవి ఆజ్ఞలు కావు. సలహాలూ, తనను తాను వేసుకోవలసిన ప్రశ్నలూ, మొత్తం 42. పురోహితుడు లేడు, వేదిక లేదు, పాట లేదు. ఎవరో ఒకరు ముందుగా వచ్చి కూర్చుంటే ఆరాధన మొదలైనట్టే. గంట గడిచాక, ఆరాధన బాగోగులు చూసే ఎల్డర్లు ఇద్దరు కరచాలనం చేసుకుంటే ముగిసినట్టే.

మొదట్లో నేను దీన్ని ధ్యానం అనుకుని, కళ్లు మూసుకుని శ్వాస మీద దృష్టి నిలిపి కూర్చునేదాన్ని. ఒక ఆదివారం నడిచి ఇంటికి వస్తుండగా ఆవిడ, ఎవరి మటుకు వారు కూర్చునేదయితే ఇంట్లోనే కూర్చోవచ్చుగా, ఇంతదూరం వెళ్లడం ఎందుకు అన్నారు. అప్పటినుంచి కళ్లు తెరిచి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. రేడియేటర్ టకటకమంటుంది, ఎవరి కడుపులోనో గుర్రుమంటుంది, చివరి పావుగంటకు పిల్లలు లోపలికి వచ్చి తల్లుల పక్కన సర్దుకుంటారు. చాలా ఆదివారాలు నా బుర్రలో తిరిగినవి కొనవలసిన సరుకులూ, ఆఫీసులో పెండింగ్ పడిన పనులూ మాత్రమే. కొన్ని ఆదివారాలు మాత్రం, ఎందుకో ఎవరూ చెప్పలేరు, గదిలో ఉన్న ముప్పైమందీ ఒకే విషయం కోసం ఎదురుచూస్తున్నట్టుగా ఉండేది. దగ్గులు ఆగిపోయేవి, కాళ్లు కదిపే చప్పుడు ఉండేది కాదు, కరచాలనం అప్పుడేనా అనిపించేది. దాన్ని వారు గ్యాదర్డ్ మీటింగ్ అంటారు. అది కావాలంటే వచ్చేది కాదు, వచ్చిందని చెప్పుకునేదీ కాదు.

లోపలి నుంచి మాట తోసుకొస్తే ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. ఈ మాట నా ఒక్కదానికేనా, అందరికీనా, ఇప్పుడే చెప్పాలా, ఆగవచ్చా అని ముందు తనను తాను అడిగి చూసుకోవాలి. ఆ ప్రశ్నల దగ్గరే నా మాటలు చాలావరకు ఆగిపోయేవి. ఒకరు మాట్లాడాక మరొకరు జవాబు చెప్పకూడదు, వాదించకూడదు. ఆ మాట మౌనంలో ఇంకేదాకా ఆగాలి. మా మీటింగ్‌లో ఒక ముసలాయన ఉండేవారు. రెండో ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనని ట్రిబ్యునల్ ముందు చెప్పి, క్వేకర్లు నడిపిన ఫ్రెండ్స్ అంబులెన్స్ యూనిట్‌లో డ్రైవరుగా పనిచేశారు. ఆయన లేవడమే అరుదు. ఒకసారి లేచి, తాను మోసిన గాయపడ్డవాళ్లలో ఎవరు ఏ పక్షంవారో ఇప్పుడు ఒక్కరి విషయంలోనూ గుర్తులేదని, బరువు మాత్రం గుర్తుందని చెప్పి కూర్చున్నారు. యుద్ధబాధితులకు చేసిన సహాయానికి 1947లో బ్రిటన్, అమెరికా క్వేకర్ల సేవాసంస్థలు రెండింటికి కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చిందని నాకు అప్పటికే తెలుసు. ఆయన మాట విన్నాకే దాని వెనుక ఉన్న మనుషులెవరో తెలిసింది.

నిజం విషయంలో వారి పట్టింపు నాకు సొంత అనుభవంలోకి వచ్చింది ఒక న్యాయస్థానంలో. నా కళ్లముందు జరిగిన రోడ్డు ప్రమాదంలో సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. ఏ గ్రంథం మీద ప్రమాణం చేస్తారని గుమాస్తా అడిగాడు. బైబిల్, ఖురాన్, భగవద్గీత అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నేను ప్రమాణం చేయనని, ధ్రువీకరిస్తానని చెప్పాను. బోనులో ఒట్టు పెట్టుకుని నిజం చెబితే, ఒట్టు లేనిచోట చెప్పేది అంతకంటే తక్కువ నిజమని ఒప్పుకున్నట్టే కదా అన్నది క్వేకర్ల వాదన. ఆ వాదన కోసం తరాల తరబడి శిక్షలు అనుభవించాక, పదిహేడో శతాబ్దం చివర్లో చట్టం వారికి ధ్రువీకరణ చాలునని ఒప్పుకుంది. 1888 చట్టంతో ఆ హక్కు అందరిదీ అయింది. న్యాయస్థానంలో అది తేలికే. కష్టమంతా ఆఫీసులో. అవతలివారు ఫోన్ చేసినప్పుడు, పంపించేశాం, దారిలో ఉంది అనడం మా విభాగంలో పరిపాటి. ఆ ఒక్క ముక్క అనలేకపోవడం వల్ల నేను ఉదాత్తురాలిని కాలేదు. ఫోన్ తీయడానికి పనికిరాని మనిషినని పేరుపడ్డాను.

సభ్యత్వం కోరి, సమావేశాలు నడిపే క్లర్క్‌కు ఉత్తరం రాస్తే, ఇద్దరు సభ్యులు ఇంటికి వచ్చి సావకాశంగా మాట్లాడి తమ అభిప్రాయం ఏరియా మీటింగ్‌కు, అంటే ఆ ప్రాంతపు మీటింగులన్నీ కలిసిన సభకు, రాసి పంపుతారు. నా దగ్గరికి వచ్చినవారిని, నా గదిలో వేంకటేశ్వరుడి పటం ముందు పెట్టే దీపం సంగతేమిటని నేనే అడిగాను. దీపం నీకూ దేవుడికీ మధ్య విషయం, ఆదివారం ఎందుకు వస్తున్నావో చెప్పు అన్నారు. అందరు క్వేకర్లూ ఇదే జవాబు చెబుతారని కాదు. ప్రపంచంలో ఎక్కువమంది క్వేకర్లున్న కెన్యాలో పాస్టర్లున్నారు, పాటలున్నాయి, బైబిలే కేంద్రం. అక్కడివారు నా దీపాన్ని వేరే విధంగా చూసి ఉండేవారేమో. అసలు మొదలే క్రైస్తవంలో ఉంది. 1652లో ఈ సమాజానికి ఆద్యుడైన జార్జ్ ఫాక్స్ ఉత్తర ఇంగ్లండ్‌లోని పెండిల్ హిల్ అనే కొండ ఎక్కి ఒక మహాజనసమూహం కూడడాన్ని దర్శించానన్నాడు. ఆ జూన్‌లోనే ఫర్‌బ్యాంక్ ఫెల్ మీద బండరాతి మీద నిలబడి వెయ్యిమంది దాకా జనంతో మాట్లాడాడు. ఒక వేసవిలో మీటింగ్‌వాళ్లందరం ఆ బండ దాకా నడిచి వెళ్లాం. గాలికి చెవులు మూసుకుపోతుంటే, అన్నివందల మందికి ఆయన గొంతు ఎలా వినిపించి ఉంటుందా అన్నదే నా ధ్యాస.

మీటింగ్ హౌస్ గ్రంథాలయంలో మన దేశపు జాడలు కనిపించడం నాకు పెద్ద ఆశ్చర్యం. బర్మింగ్‌హామ్‌లోని వుడ్‌బ్రూక్ క్వేకర్ విద్యాకేంద్రానికి 1931లో గాంధీజీ వెళ్లారని, అక్కడ పాఠాలు చెప్పిన హోరేస్ అలెగ్జాండర్ 1947 ఆగస్టు 15న కలకత్తాలో గాంధీజీ పక్కనే ఉన్నారని చదివాను. కేరళలో ఇటుక జాలీల ఇళ్లు కట్టిన లారీ బేకర్ కూడా క్వేకరే. చైనాలో అంబులెన్స్ యూనిట్ పని ముగించుకుని బొంబాయిలో ఓడ కోసం ఆగినప్పుడు గాంధీజీని కలిశారు. ఆ ఇళ్ల పొదుపు ఎక్కడి నుంచి వచ్చిందో, ఆ తెల్లగోడల గదిలో కూర్చున్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక వ్యవహార సమావేశం. నెలకొకసారి, ఆరాధన అయ్యాక, అదే గదిలో, అదే మౌనంతో అది మొదలవుతుంది. బల్ల దగ్గర క్లర్క్ కూర్చుంటారు. ఆ పదవి కొన్నేళ్లకొకరికి మారుతుంది, అధికారమేమీ ఉండదు. మాట్లాడదలచినవారు లేచి నిలబడతారు, క్లర్క్ పిలిస్తే మాట్లాడతారు, పిలవకపోతే కూర్చుంటారు. ఒకసారి చెప్పినదాన్ని రెండోసారి చెప్పకూడదు. ఎవరైనా వేడెక్కితే క్లర్క్ కాసేపు మౌనం అడుగుతారు. చివర ఓటు ఉండదు. అందరి మాటలూ విన్నాక సభ మనసు ఎటు ఉందో క్లర్క్ గ్రహించి, అందరూ మౌనంగా ఉండగా అప్పటికప్పుడే ఆ నిర్ణయాన్ని మినిట్‌గా రాసి, పైకి చదువుతారు. ఆ మాట కాదు, ఈ మాట అని సభ సవరిస్తుంది. చివరికి ఇది సరేనా అని అడిగితే, ఔను అనరు. సరేనని ఆశిస్తున్నాం అంటారు. ఇంటికి వెళ్లాక ఎవరో తీరిగ్గా రాసి, మరుసటి నెలలో ఎవరూ చదవకుండా ఆమోదించే మినిట్స్‌కు అలవాటుపడిన నాకు, ఆ గదిలోనే అందరి ముందూ అక్షరం అక్షరం తేలే ఆ నాలుగు వాక్యాలు మొదటిసారి వింతగా తోచాయి.

నేనున్నప్పుడు వచ్చిన పెద్ద వివాదం బెంచీల గురించి. ఇరుకుగా, నిటారుగా ఉండే ఆ బెంచీల మీద నడుము నొప్పి లేకుండా గంట కూర్చోవడం ముసలివారికి కష్టం; చక్రాల కుర్చీలో వచ్చేవారికి అసలు చోటే లేదు. బెంచీలు తీసేసి కుర్చీలు వేద్దామని ప్రతిపాదన వచ్చింది. దాదాపు అందరూ సరేనన్నారు. మా ఇంటావిడ లేచి, తనకు ఇష్టం లేదని, కారణం ఇంకా తనకే స్పష్టంగా తెలియదని చెప్పి కూర్చున్నారు. ఆవిడ ఒక్కరే. మరెక్కడైనా ఆ పూటతో ముగిసిపోయే విషయం అది. క్లర్క్ మాత్రం, మనం ఇంకా సిద్ధంగా లేము, ఈ విషయానికి మళ్లీ వస్తాము అని మినిట్ రాశారు. ఏడాదికి పైగా మళ్లీ మళ్లీ వచ్చాం. ఒక నెల ఎవరో చెక్కపని తెలిసినవారిని పిలిచి చూపించారు. మరో నెల ఆ బెంచీలు ఎప్పటివో పాత కాగితాల్లో వెతికారు. మరో నెల ఆ ప్రస్తావనే రాలేదు. నాకు విసుగొచ్చేది. ఒక్క మనిషి కోసం ముప్పైమంది ఆగడం న్యాయమా అని ఇంట్లో ఆవిడనే అడిగాను. నా కోసం ఆగడం లేదు, నేను తప్పేమో అని నేనూ ఆలోచిస్తున్నాను, వాళ్లూ తాము తప్పేమో అని ఆలోచిస్తున్నారు, అందుకే ఆలస్యం అన్నారు.

చివరికి ఆవిడ మనసు మారలేదు, మారిందల్లా ప్రశ్న. బెంచీలా కుర్చీలా అని మొదలైనది, లోపలికి రాలేకపోతున్నది ఎవరు అన్నదాని దగ్గరికి వచ్చింది. అలా అడిగేసరికి గుమ్మం మెట్లు అడ్డమని తెలిసింది, చెవులు సరిగా వినపడనివారికి ఎదుటివారి పెదవులు కనిపించవని తెలిసింది. ముందు వరస బెంచీలు మాత్రం తీసి కుర్చీలు వేశారు, మెట్ల పక్కన వాలుదారి కట్టారు. మినిట్ చదివినప్పుడు ఆవిడ కూడా అందరితో కలిసి ఆశిస్తున్నానన్నారు. మరుసటి ఆదివారం నుంచి తన పాత బెంచీ మీదే కూర్చున్నారు.

ఈ నిదానాన్ని మెచ్చుకునేటప్పుడు నాకు జర్మన్‌టౌన్ గుర్తుకు వస్తుంది. 1688లో పెన్సిల్వేనియాలోని ఆ ఊళ్లో నలుగురు, మనుషులను కొనడం అమ్మడం తప్పని రాసి తమ మీటింగ్ ముందు పెట్టారు. క్వేకర్లలోనూ బానిస యజమానులుండేవారు. విలియం పెన్ అంతటివాడికీ బానిసలున్నారు. విషయం చాలా బరువైనదని పై సమావేశానికి పంపారు, అక్కడ పక్కన పెట్టారు. బానిసలున్నవారు సభ్యులుగా ఉండరాదని ఫిలడెల్ఫియా వార్షిక సమావేశం తేల్చింది 1776లో. ఈ మధ్యలో జాన్ వూల్‌మన్ అనే ఆయన ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి, యజమానుల ఇళ్లలో బస చేసి, తనకు సేవ చేసిన బానిసలకు కూలి డబ్బు చెల్లించి, ఒక్కొక్కరితో కూర్చుని మెల్లగా మాట్లాడాడు. తిట్టలేదు, మొహమాటపడలేదు. ఆయన 1772లో యార్క్‌లో మశూచితో చనిపోయాడు. ఆయన పద్ధతి నాకెంతో ఇష్టం. కానీ ఏకాభిప్రాయం కుదిరే దాకా ఆగిన ఆ 88 ఏళ్లూ ఎవరి వీపు మీద గడిచాయో వారిని ఆ సభలో ఎవరూ అడగలేదు. బెంచీల విషయంలో ఆగినవాళ్లమూ, ఆగినందువల్ల ఇబ్బందిపడ్డవాళ్లమూ మేమే కాబట్టి ఆ ఓపిక మాకు చెల్లింది. ఈ మాట ఒకసారి మీటింగ్‌లోనే లేచి చెప్పాను. పద్ధతి ప్రకారం ఎవరూ జవాబివ్వలేదు. టీ దగ్గర ముసలాయన వచ్చి, ఇది మళ్లీ వినవలసిన మాట, వచ్చే సమావేశంలోనూ చెప్పు అన్నారు.

నేను తిరిగి వచ్చే ముందు చలికాలంలో మా ఇంటావిడ పోయారు. అంత్యక్రియలు కూడా ఆరాధన లాగే, గంట మౌనం. మధ్యలో ఒక్కొక్కరూ లేచి రెండు ముక్కలు చెప్పారు. పొరుగింటి కుర్రవాడు లాటరీ చీటీల సంగతి చెబితే అందరూ నవ్వారు; అక్కడ నవ్వడం తప్పు కాదు. తరువాత మీటింగ్ ఆవిడ జీవితం గురించి ఒక సాక్ష్యపత్రం రాసింది. ఆవిడ మొండితనం గురించి అందులో ఎలా రాయాలన్న దాని మీద కూడా కొంత చర్చ జరిగి, మొండితనం అనే రాశారు. సమాధి రాయి మిగతా రాళ్లంతే ఎత్తు. పేరు, తేదీలు, అంతే.

ఇప్పుడు నేనుండే చోట మీటింగ్ లేదు. 2020 నుంచి ఆ పాత మీటింగ్‌వాళ్లు కంప్యూటర్‌లోనూ ఆరాధన పెడుతున్నారు; వారికి పొద్దున పదిన్నర, మనకు వేసవిలో మధ్యాహ్నం మూడు, చలికాలంలో నాలుగు. తెర మీద నాకు తెలిసిన ముఖాలు ఏటికేడు తగ్గుతున్నాయి. అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శినయ్యాక, మినిట్స్ అక్కడే రాసి, అక్కడే చదివి వినిపించడం మొదలుపెట్టాను. మొదట చిరాకుపడ్డారు, తరువాత సవరణలు చెప్పడం మొదలుపెట్టారు. ఈ మధ్య లిఫ్టు విషయంలో ఒక ఇంటివారు ఒప్పుకోకపోతే, వచ్చే నెలకు ఆపుదామని అన్నాను. ఓటు పెట్టాలన్నారు. పెట్టారు, నా మాట వీగిపోయింది. ఆ తీర్మానాన్నీ అక్కడే రాసి, ఒప్పుకోని ఆ ఇంటివారు చెప్పిన కారణాన్ని కూడా రెండు వాక్యాల్లో చేర్చి, చదివి వినిపించాను. అది మాత్రం ఉంచమన్నారు.